కిడ్నీ జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో ప్రోటీన్ పరీక్షలతో అంచనా వేసుకోవడం ఎలా?

కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో ఎవరు పలకరించినా ముందుగా అడిగేది "క్రియాటినిన్ ఎంత ఉంది?" అనే. కిడ్నీలు బయటికి పంపవలసిన ఈ వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చూసి, అవి ఈరోజు ఏ మేరకు పనిచేస్తున్నాయో ఆ అంకె చెబుతుంది గాని, మూడేళ్ల తరవాత అవి ఏ స్థితిలో ఉంటాయో చెప్పడానికి అదొక్కటే చాలదు. ఒకే వయసు, ఒకే క్రియాటినిన్ ఉన్న ఇద్దరిలో ఒకరు డయాలసిస్ ఊసే లేకుండా పదేళ్లు గడిపేయవచ్చు, మరొకరికి మూడో ఏటికే డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపే ఫిస్టులా వేయవలసి రావచ్చు. ఈ తేడాను ముందుగా పసిగట్టడానికి వైద్యులు చూసేవాటిలో ముఖ్యమైనవి కొన్ని ప్రోటీన్లు. వాటిలో ఏవి అడగాలో, నమూనా ఎలా ఇవ్వాలో, అంకెలను ఎలా లెక్కగట్టి చదవాలో ల్యాబ్ పనిలో ఉన్నవాడిగా ఇక్కడ వివరిస్తున్నాను. మందుల నిర్ణయం మాత్రం చూసే డాక్టరుదే.

మొదట అడగవలసిన పరీక్ష

మూత్రంలో అల్బుమిన్‌కు, క్రియాటినిన్‌కు ఉన్న నిష్పత్తిని చూసే పరీక్షే అన్నిటికంటే ముందు రావాలి. ల్యాబుల్లో దీన్ని ఏసీఆర్ అంటారు. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల వడపోత ముద్దలు ఉంటాయి. వాటి గోడలు బాగున్నంతకాలం రక్తంలోని అల్బుమిన్ దాదాపుగా బయటికి రాదు. షుగర్ వల్లనో, బీపీ వల్లనో, నెఫ్రైటిస్ అనే కిడ్నీ వాపు వల్లనో ఆ గోడలు దెబ్బతింటే అల్బుమిన్ కారడం మొదలవుతుంది. అలా కారిన ప్రోటీన్‌ను తిరిగి పీల్చుకునే భారం కింద ఉన్న సన్నని నాళికల మీద పడి, అక్కడ వాపును, క్రమంగా మచ్చలను పెంచుతుంది. అంటే అల్బుమిన్ జరిగిన నష్టానికి గుర్తు మాత్రమే కాక, జరగబోయే నష్టానికి కొంతవరకు కారణం కూడా. భవిష్యత్తును చెప్పడంలో దానికి అంత బలం ఉండడం అందుకే.

మామూలు యూరిన్ పరీక్షలో పట్టీ ముంచి "అల్బుమిన్: నిల్" అని రాసిచ్చిన కాగితాన్ని చూసి నిశ్చింతగా ఉండకూడదు. పట్టీ మీద ఒక ప్లస్ అంటే డెసిలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల ప్రోటీన్. షుగర్ రోగిలో తొలి దశలో పోయే కొద్దిపాటి అల్బుమిన్ చాలాసార్లు ఆ పట్టీకి చిక్కదు. పైగా పట్టీ చూసేది గాఢతను మాత్రమే. బాగా నీళ్లు తాగి ఇచ్చిన మూత్రంలో ఉన్నది లేనట్టు, ఎండలో పనిచేసి వచ్చి ఇచ్చిన మూత్రంలో కొద్దిగా ఉన్నది ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. క్రియాటినిన్‌తో భాగించడం వల్ల ఈ పలచన, చిక్కదనాల తేడా చాలావరకు తొలగిపోతుంది. మూత్రంలో నురగ వస్తోందని చాలామంది కంగారుపడతారు. కమోడ్‌లో వేసిన క్లీనర్ వల్ల, ధార వేగం వల్ల కూడా నురగ వస్తుంది కనుక దాన్ని పరీక్ష చేయించుకోవడానికి ఒక కారణంగా తీసుకోవాలే తప్ప రోగనిర్ధారణగా భావించకూడదు.

నమూనా ఇచ్చే పద్ధతి

పొద్దున నిద్ర లేవగానే పోసే మొదటి మూత్రం ఈ పరీక్షకు శ్రేష్ఠం. పగటిపూట నడక, నిలబడడం వల్ల కొందరిలో, ముఖ్యంగా యువకుల్లో, అల్బుమిన్ కాస్త ఎక్కువగా పోతుంది. రాత్రంతా పడుకుని లేచిన తరవాతి మూత్రంలో ఆ ప్రభావం ఉండదు. మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టాలి. ఇంట్లో కడిగిన టానిక్ సీసాలో పట్టి తెచ్చేవారు ఇప్పటికీ కౌంటరు దగ్గర కనిపిస్తుంటారు. అడుగున మిగిలిన మందు, సబ్బు కలిసిన ఆ నమూనాతో వచ్చిన ఫలితాన్ని నేనైతే నమ్మను.

అంతకుముందు 24 గంటల్లో భారీ వ్యాయామం చేసినా, జ్వరం ఉన్నా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, నెలసరి నడుస్తున్నా, షుగర్ గాని బీపీ గాని విపరీతంగా పెరిగి ఉన్నా, గుండె బలహీనత వల్ల నీరు పట్టి ఉన్నా ఏసీఆర్ తాత్కాలికంగా పెరుగుతుంది. అలాంటప్పుడు పరీక్షను వాయిదా వేసుకోవడం మేలు. నమూనాను వెంటనే ల్యాబ్‌కు చేర్చలేకపోతే ఫ్రిజ్ కింది అరలో ఉంచవచ్చు. సుమారు 4 డిగ్రీల చల్లదనంలో వారం వరకు అల్బుమిన్ చెక్కుచెదరదు. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. గడ్డకట్టి కరిగినప్పుడు కొంత అల్బుమిన్ విరిగిపోయి, అంకె ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది.

లెక్క, యూనిట్ల తిరకాసు

రిపోర్టులో నిష్పత్తి ముద్రించి ఉన్నా ఒకసారి చేత్తో లెక్క సరిచూసుకోవడం మంచి అలవాటు. ఒక ఉదాహరణ చూద్దాం. మూత్రంలో అల్బుమిన్ లీటరుకు 84 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములు అని ఉంది. రెండింటి యూనిట్లు వేరు. ముందుగా 84ను 10తో భాగించి డెసిలీటరుకు 8.4గా మార్చుకోవాలి. 8.4ను 70తో భాగిస్తే 0.12 వస్తుంది. దాన్ని 1000తో గుణిస్తే గ్రాము క్రియాటినిన్‌కు 120 మిల్లీగ్రాముల అల్బుమిన్. యూనిట్ చూడకుండా 84ను నేరుగా 70తో భాగించినవారికి ఇదే నమూనాలో 1200 వస్తుంది. నివారించగల స్థితిలో ఉన్న మనిషిని ఆ ఒక్క దశాంశ స్థానం తీవ్ర రోగిని చేసేస్తుంది.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు పంపే రిపోర్టుల్లో ఈ నిష్పత్తి మిల్లీమోల్‌కు మిల్లీగ్రాములుగా ఉంటుంది. దాన్ని సుమారు 8.84తో గుణిస్తే మన లెక్కలోకి వస్తుంది. అక్కడి 3 అంటే ఇక్కడి 30కి దగ్గర, అక్కడి 30 ఇక్కడి 300కు దగ్గర.

కిడ్నీ వైద్యానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే కేడిగో సంస్థ ఏసీఆర్‌ను మూడు అంతస్తులుగా విభజించింది. 30 లోపు ఉంటే ఏ-1, 30 నుంచి 300 వరకు ఏ-2, 300 దాటితే ఏ-3. వడపోత వేగాన్ని, అంటే ఈజీఎఫ్ఆర్‌ను, 90కి పైన జీ-1తో మొదలుపెట్టి 15 లోపు జీ-5 వరకు విభజించారు. ఈ రెండింటినీ అడ్డంగా, నిలువుగా వేసి చూస్తేనే ముప్పు ఎంతో తెలుస్తుంది. ఈజీఎఫ్ఆర్ 70 ఉండి ఏసీఆర్ 500 ఉన్న మనిషి, ఈజీఎఫ్ఆర్ 50 ఉండి ఏసీఆర్ 10 ఉన్న మనిషి కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. క్రియాటినిన్ ఒక్కదాన్నే చూసేవారు దీన్ని సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

ఒక్క రిపోర్టుతో ఎవరికీ దీర్ఘకాలిక జబ్బు ముద్ర వేయకూడదు. ఏసీఆర్ రోజురోజుకూ ఊగిసలాడే అంకె. షుగర్ రోగుల్లో మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో మూడు నమూనాలు చూసి, వాటిలో రెండైనా 30 దాటితేనే నిర్ధారిస్తారు. అసాధారణత మూడు నెలలకు మించి నిలిస్తేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అన్న మాట వాడతారు.

క్రియాటినిన్ మీద అనుమానం వచ్చినప్పుడు

క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. అది ప్రోటీన్ కూడా కాదు. కండ తక్కువగా ఉన్న ముసలివారిలో, మంచాన పడ్డవారిలో, కాలు తీసేసిన షుగర్ రోగుల్లో అది తక్కువగా ఉండి కిడ్నీలు బాగున్నట్టు భ్రమ కల్పిస్తుంది. ఇక్కడ అక్కరకు వచ్చేది సిస్టాటిన్-సి. కణకేంద్రకం ఉన్న ప్రతి కణమూ దాదాపు ఒకే వేగంతో తయారుచేసే ఈ చిన్న ప్రోటీన్ వడపోతలో స్వేచ్ఛగా జారిపోతుంది. కండతో దానికి పెద్దగా సంబంధం లేదు.

72 ఏళ్ల బక్కపలుచని స్త్రీ క్రియాటినిన్ 0.9 అనుకుందాం. క్రియాటినిన్ నుంచి వడపోత వేగాన్ని లెక్కగట్టే 2021 నాటి సీకేడీ-ఎపి సూత్రం ప్రకారం ఈజీఎఫ్ఆర్ 68 వస్తుంది. చూసినవారు "వయసుకు బాగానే ఉంది" అనేస్తారు. అదే మనిషిలో సిస్టాటిన్-సి లీటరుకు 1.4 మిల్లీగ్రాములు ఉంటే, దానితో మాత్రమే లెక్కగడితే ఈజీఎఫ్ఆర్ 44. రెండింటినీ కలిపిన సూత్రంతో 55. సాధారణంగా కలిపి లెక్కగట్టినదే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. 68కి, 55కి మధ్య జబ్బు ఉందా లేదా అన్న గీత 60 దగ్గర ఉంది కనుక, నొప్పి మాత్రలు వాడవచ్చా, మెట్‌ఫార్మిన్ మోతాదు మీద ఎంత కన్నేసి ఉంచాలి అన్న ప్రశ్నల మీద కూడా దీని ప్రభావం పడుతుంది. అయితే సిస్టాటిన్-సికి తన లోపాలు తనకున్నాయి. స్టెరాయిడ్లు వాడుతున్నా, థైరాయిడ్ అదుపులో లేకపోయినా, పొగతాగినా, ఊబకాయం గాని ఒంట్లో వాపుతో కూడిన జబ్బు గాని ఉన్నా అది కిడ్నీతో సంబంధం లేకుండా మారుతుంది. పరీక్ష రాసేటప్పుడు ఈ వివరాలు డాక్టరుకు చెప్పాలి. దీని ఖర్చు క్రియాటినిన్ పరీక్ష కంటే చాలా ఎక్కువ కాబట్టి ప్రతిసారీ అక్కర్లేదు, అనుమానం వచ్చినచోట ఒకసారి చాలు.

ముప్పును శాతంలో చూడడం

కెనడా పరిశోధకులు 2011లో ప్రచురించిన కిడ్నీ ఫెయిల్యూర్ రిస్క్ ఈక్వేషన్ వయసు, లింగం, ఈజీఎఫ్ఆర్, ఏసీఆర్ అనే నాలుగు అంకెలను తీసుకుని, రెండేళ్లలో, ఐదేళ్లలో డయాలసిస్ లేదా కిడ్నీ మార్పిడి అవసరమయ్యే అవకాశం ఎంతో చెబుతుంది. 2016లో 30కి పైగా దేశాల్లోని ఏడు లక్షలకు మించిన రోగుల సమాచారంతో దాన్ని పరీక్షించి, ఉత్తర అమెరికా బయటి దేశాలకు వేరే స్థిరాంకం ఇచ్చారు. ఇంటర్నెట్‌లోని క్యాలిక్యులేటర్లలో ప్రాంతం ఎంచుకునే మీట అందుకే ఉంటుంది. మనం "ఉత్తర అమెరికా కాదు" అన్నదాన్ని నొక్కాలి. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ ఉన్న పెద్దవారికే ఇది వర్తిస్తుంది.

60 ఏళ్ల మగవాడు, ఈజీఎఫ్ఆర్ 35 అనుకుని నాలుగంకెల సూత్రంలో నేను వేసి చూశాను. ఏసీఆర్ 40 అయితే ఐదేళ్ల ముప్పు సుమారు 5 శాతం. మిగతావేవీ మార్చకుండా ఏసీఆర్‌ను 600 చేస్తే సుమారు 17 శాతం. అంటే మూడు రెట్లకు పైగా తేడాను మూత్రంలోని ఒక్క ప్రోటీనే తెచ్చింది. సూత్రంలోకి ఏసీఆర్ లాగరిథమ్ రూపంలో వెళుతుంది కాబట్టి 40 నుంచి 80కి పెరగడం, 300 నుంచి 600కు పెరగడం ముప్పును ఒకే నిష్పత్తిలో పెంచుతాయి. చిన్న అంకెలోని రెట్టింపును తేలిగ్గా తీసుకోకూడదన్నమాట. మరొక వింత ఏమిటంటే, మిగతావన్నీ సమానంగా ఉంటే వయసు తక్కువ ఉన్నవారికే ఈ సూత్రం ఎక్కువ ముప్పు చూపుతుంది. వారికి ముందున్న ఆయుష్షు ఎక్కువ, జబ్బూ తరచు చురుకుగా ఉంటుంది. 85 ఏళ్ల వ్యక్తి విషయంలో కిడ్నీ కంటే ముందు గుండె మొరాయించే అవకాశాన్ని ఈ లెక్క పట్టించుకోదు కనుక, బాగా పెద్దవారిలో వచ్చే శాతాన్ని కొంత తగ్గించుకునే చదవాలి.

అల్బుమిన్ మౌనంగా ఉండే జబ్బులు

ఇంతవరకు చెప్పినదంతా వడపోత ముద్దలు దెబ్బతినే జబ్బులకు సరిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కథ వేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే వ్యవసాయ కుటుంబాలను ఏళ్లుగా పీడిస్తున్న, కారణం ఇంకా తేలని ఆ జబ్బు ప్రధానంగా నాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని తినేస్తుంది. షుగర్ ఉండదు, బీపీ చాలాకాలం మామూలుగా ఉంటుంది, కాళ్ల వాపులు రావు, మూత్రంలో అల్బుమిన్ అసలు లేకుండానో అతి తక్కువగానో ఉంటుంది. జబ్బు బాగా ముదిరేవరకు ఏసీఆర్ "బాగుంది" అనే చెబుతుంది. మధ్య అమెరికా చెరకు కూలీల్లో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంత రైతుల్లో కనిపించే జబ్బు తీరు కూడా ఇదే.

అందువల్ల ఆ ప్రాంతం వారు, అక్కడ పుట్టి హైదరాబాదులోనో విశాఖలోనో స్థిరపడినవారు సైతం, ఏసీఆర్ ఒక్కటి చేయించుకుని ఊరుకోకుండా ఈజీఎఫ్ఆర్ తప్పకుండా చూపించుకోవాలి. ఏసీఆర్ ఆధారంగా నడిచే ముప్పు సూత్రం ఇలాంటివారిలో ప్రమాదాన్ని తక్కువ చేసి చూపవచ్చన్నది గుర్తుంచుకోవాలి. నాళికల దెబ్బను చూపే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. ఆల్ఫా-1 మైక్రోగ్లోబులిన్, బీటా-2 మైక్రోగ్లోబులిన్ వంటి చిన్న ప్రోటీన్లు అందరిలోనూ వడపోతలో జారిపోతాయి, ఆరోగ్యంగా ఉన్న నాళికలు వాటిని మళ్లీ లోపలికి తీసుకుంటాయి. నాళికలు చెడితే అవి మూత్రంలో మిగిలిపోతాయి. వీటిలో బీటా-2 ఆమ్ల గుణం ఉన్న మూత్రంలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది కాబట్టి ఆల్ఫా-1 నమ్మకమైనది.

ఈ ప్రత్యేక పరీక్షలు దొరకని ఊళ్లో ఒక ఉపాయం ఉంది. ఒకే నమూనాలో ఏసీఆర్‌తో పాటు మొత్తం ప్రోటీన్ నిష్పత్తిని కూడా అడగాలి. దీన్ని ల్యాబుల్లో పీసీఆర్ అంటారు, కరోనా నాటి ముక్కు పరీక్షతో దీనికి సంబంధం లేదు. వడపోత జబ్బుల్లో మొత్తం ప్రోటీన్‌లో పెద్ద భాగం అల్బుమినే ఉంటుంది. మొత్తం ప్రోటీన్ 900 ఉండి అల్బుమిన్ 90 మాత్రమే ఉంటే మిగిలిన 810 ఏమిటన్న ప్రశ్న వేసుకోవాలి. అవి నాళికల నుంచి వచ్చిన చిన్న ప్రోటీన్లు కావచ్చు, లేదా మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ విడుదల చేసే లైట్ చైన్లు అనే చిన్న ప్రోటీన్లు కావచ్చు. రెండోదాన్ని పట్టీ పరీక్ష దాదాపు పట్టుకోలేదు. నడుం నొప్పి, రక్తహీనత, పెరిగిన క్రియాటినిన్ ఉన్న పెద్దవయసు వ్యక్తి విషయంలో ఈ తేడాను చూడకుండా వదిలేయడం క్షమించరాని పొరపాటు.

కొత్త ప్రోటీన్ల సంగతి

రక్తంలో, వాపుకు సంబంధించిన ప్రోటీన్లైన టీఎన్ఎఫ్ గ్రాహకాలు 1, 2 ఎక్కువగా ఉన్న షుగర్ రోగుల్లో కిడ్నీలు వేగంగా చెడతాయని అమెరికాలోని జాస్లిన్ డయాబెటిస్ కేంద్రం 2012లో చూపింది. ఈ రెండింటికీ నాళికల గాయాన్ని చూపే కిమ్-1 ప్రోటీన్‌ను, రోగి ఇతర వివరాలను కలిపి అంచనా చెప్పే కిడ్నీఇంటెల్‌ఎక్స్ పరీక్షకు 2023లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. అది టైప్-2 షుగర్‌తో పాటు తొలి దశల కిడ్నీ జబ్బు ఉన్నవారి కోసం ఉద్దేశించినది. ఎన్‌గాల్ అనే మరో ప్రోటీన్ పేరు తరచు వినిపిస్తుంది. హఠాత్తుగా తగిలే దెబ్బను గుర్తించడంలో దానికి పేరుంది గాని, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే తెల్ల కణాల నుంచి కూడా వచ్చి తికమకపెడుతుంది.

మూత్రంలోని 273 ప్రోటీన్ ముక్కల నమూనాను చూసే పరీక్ష కథ మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అల్బుమిన్ ఇంకా మామూలుగా ఉన్న షుగర్ రోగుల్లో ఎవరికి అది పెరుగుతుందో ఈ పరీక్ష బాగానే ముందుగా చెప్పింది. కాని అలా గుర్తించినవారికి ముందే స్పిరోనోలాక్టోన్ ఇచ్చి చూసిన ప్రయారిటీ అధ్యయనంలో, 2020లో వెల్లడైన ఫలితాల ప్రకారం, ఆ మందు జబ్బును ఆపలేకపోయింది. కొత్త పరీక్ష రాసినప్పుడు "ఫలితం ఎలా వచ్చినా నా వైద్యంలో ఏం మారుతుంది?" అని డాక్టరును మర్యాదగానే అడగవచ్చు. మారేదేమీ లేకపోతే ఆ డబ్బుతో మూడుసార్లు ఏసీఆర్ చేయించుకోవడం మేలన్నది నా అభిప్రాయం. ఇందుకు మినహాయింపు వడపోత గోడలను దెబ్బతీసే మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బు. అందులో యాంటీ పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ పెరుగుదల, తరుగుదలలను బట్టి వైద్యం నిజంగానే మారుతుంది.

వరుసగా గమనించడం

ఒక నోటు పుస్తకంలో తేదీ, ఈజీఎఫ్ఆర్, ఏసీఆర్, బీపీ, ఆ నెలలో కొత్తగా మొదలైన మందు అని ఐదు నిలువు గళ్లు గీసుకుంటే చాలు. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో చేయించుకోవాలి. కేడిగో 2024 మార్గదర్శకాల ప్రకారం ఏసీఆర్ రెట్టింపు అయితేనో, ఈజీఎఫ్ఆర్ 20 శాతానికి మించి తగ్గితేనో అది ల్యాబ్ ఊగిసలాటను దాటిన నిజమైన మార్పు, కారణం వెతకాలి. ఈజీఎఫ్ఆర్‌లో ఏడాదికి 5 యూనిట్ల కంటే ఎక్కువ తరుగుదల నిలకడగా ఉంటే జబ్బు వేగంగా నడుస్తున్నట్టు లెక్క. వయసుతో సహజంగా తగ్గేది ఏడాదికి సుమారు ఒక యూనిట్.

టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మందులు గాని, డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మందులు గాని మొదలుపెట్టిన తొలి వారాల్లో ఈజీఎఫ్ఆర్ కొంచెం పడిపోతుంది. వడపోత ముద్దల్లో ఒత్తిడి తగ్గడమే దానికి కారణం. ఆ తగ్గుదల 30 శాతం లోపు ఉంటే సాధారణంగా మందు కొనసాగిస్తారు. రిపోర్టు చూసి భయపడి సొంతంగా మానేసినవారు, అల్బుమిన్‌ను తగ్గిస్తున్న మందునే పారేసుకున్నవారవుతారు. ఏసీఆర్ రెండేళ్లలో 30 శాతం తగ్గినవారిలో కిడ్నీలు పూర్తిగా విఫలమయ్యే ముప్పు దాదాపు ఐదో వంతు తక్కువగా ఉన్నట్టు 28 బృందాల సమాచారాన్ని కలిపి 2019లో ప్రచురించిన విశ్లేషణ చూపింది.

లెక్కలో ఐదేళ్ల ముప్పు 3 నుంచి 5 శాతం దాటితే నెఫ్రాలజిస్టును కలవాలి. రెండేళ్ల ముప్పు 10 శాతం దాటితే ఆహార నిపుణులతో సహా బృందంగా చూసే వైద్యం అవసరం. 40 శాతం దాటితే మార్పిడికి దాత సంగతి, ఫిస్టులా సంగతి మాట్లాడుకోవలసిన సమయం వచ్చినట్టే. ఫిస్టులా వేసిన తరవాత అది వాడుకకు సిద్ధం కావడానికి వారాల నుంచి నెలలు పడుతుంది. అందుకని ఆ దశకు చాలా ముందునుంచే, కుడిచేతి వాటం ఉన్నవారు ఎడమ చేతి రక్తనాళాలను కాపాడుకోవాలి. రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు అలవాటుగా ఎడమ చెయ్యి చాపకుండా, కిడ్నీ జబ్బు ఉందని ముందే చెప్పి, అరచేతి వెనక వైపు నుంచి తీయమని అడగాలి.